తుపాను జాగ్రత్తల్లో మందుల మాటేదీ?

సంపాదకులకు నమస్కారం.

తుపాను వస్తోందనగానే మీ పత్రికలో ముందుజాగ్రత్తలు వేస్తారు. కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, టార్చిలైటు, మంచినీళ్ళు, కాగితాలు తడవకుండా ప్లాస్టిక్ కవరు. ఏళ్ళ తరబడి అవి చదివి ఒక్కొక్కటీ సర్దిపెట్టుకునే మనిషిని నేను. రెండేళ్ళ కిందట వరద నీళ్ళు మా వీధిలోకి వచ్చిన రాత్రి అవన్నీ మా ఇంట్లో ఉన్నాయి. లేనివల్లా మావారి ఫిట్స్ మాత్రలే.

మావారికి పదహారేళ్ళుగా ఫిట్స్ జబ్బు ఉంది. లెవెటిరాసెటామ్ అనే మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటారు. దాంతో ఆరేళ్ళపాటు ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు, అందుకే మాకు కాస్త ధీమా. స్ట్రిప్ అయిపోవస్తుంటే తెచ్చుకోవడమే అలవాటు. నీళ్ళు చుట్టుముట్టేసరికి ఆరు మాత్రలు మిగిలాయి, అంటే మూడు రోజులకి సరి. నాలుగో రోజుకి కూడా దారి తెరుచుకోలేదు. ఆ పొద్దున స్ట్రిప్ చేతిలోకి తీసుకుంటే ఇంకా మూడున్నాయి. అయిపోయి ఉండాలి కదండీ అని అడిగితే అప్పుడు చెప్పారు, రాత్రి మాత్ర మానేసి పొద్దుటిదొక్కటే వేసుకుంటున్నానని. నేను కంగారు పడతానని దాచారట.

ఆ మధ్యాహ్నమే ఫిట్స్ వచ్చాయి. పక్కకి తిప్పి పడుకోబెట్టి, తల కింద తువ్వాలు మడిచి పెట్టి, గోడ గడియారం కేసి చూస్తూ కూర్చున్నాను. అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్ళి తీరాలని డాక్టరుగారు ఎప్పుడో చెప్పారు. ఎలా తీసుకెళ్ళాలి? గుమ్మం ముందు నడుంలోతు నీళ్ళు. నాలుగు నిమిషాల్లోపే ఆగింది. ఆ నాలుగు నిమిషాలూ ఎలా గడిచాయో ఇప్పటికీ చెప్పలేను.

అదే అలమరలో నా థైరాయిడ్ మాత్రలు నలభైకి పైగా ఉన్నాయి. నీళ్ళు తీశాక డాక్టరుగారు ఇద్దరి మందుల సంగతీ విడమరిచి చెప్పారు. లెవెటిరాసెటామ్ వేసుకున్న ఆరు నుంచి ఎనిమిది గంటల్లో ఒంట్లో సగానికి తగ్గిపోతుందట. నేను వేసుకునే థైరాక్సిన్ సగానికి తగ్గడానికి దాదాపు వారం పడుతుంది. నాది రెండు రోజులు ఆగినా పెద్దగా తేడా రాదు, ఆయనది ఒక్క పూట కూడా ఆగకూడదు. ఆగకూడనిది అడుగంటింది, ఆగినా ఫరవాలేనిది డబ్బా నిండా ఉంది. ఈ తేడా పదహారేళ్ళలో మేం ఒక్కసారీ అడగలేదు, మాకెవరూ చెప్పలేదు.

అందుకే అందరికీ చెబుతున్నాను, ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు మీ మందుల చీటీ ముందు పెట్టి, ఒక్కో మందు గురించీ "ఇది ఒకరోజు ఆగితే ఏమవుతుంది?" అని అడగండి. చిన్నతనంలో వచ్చే షుగరు ఉన్నవాళ్ళకి ఇన్సులిన్ ఆగితే గంటల్లోనే ప్రమాదం మొదలవుతుంది. చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్ మాత్రలు, గుండెకి వాడే బీటా బ్లాకర్లు ఉన్నపళంగా మానకూడదు. మందు సరిపోదనిపిస్తే మావారిలా సొంతంగా పూటలు తగ్గించుకోకుండా, ఫోన్ పనిచేస్తున్నప్పుడే డాక్టరుకి చెప్పాలి.

నిల్వ పెట్టుకోవడం అంటే హెచ్చరిక వచ్చిన రోజు మందుల షాపు మీద పడడం కాదు. 2020లో కరోనాకి పనిచేస్తుందన్న ప్రచారంతో జనం హైడ్రాక్సీక్లోరోక్విన్ కోసం ఎగబడితే, ఒంట్లోని రోగనిరోధక శక్తే ఒంటి మీద తిరగబడే లూపస్ అనే జబ్బుకి ఏళ్ళుగా అదే వాడుతున్న రోగులకి మందు దొరకలేదు. మేం డాక్టరుగారితో చెప్పి, నెల మందు అయిదు రోజుల ముందే తెచ్చుకోవడం మొదలుపెట్టాం. మూడు నెలలు తిరిగేసరికి పదిహేను రోజుల మందు చేతిలో మిగిలింది. కొత్త స్ట్రిప్పులు వెనక్కి, పాతవి ముందుకి. వాడకుండా ఏదీ గడువు దాటదు.

తుపాను మన దాకా రాకపోయినా కొరత రావచ్చు. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపానుకి అమెరికాలోని నార్త్ కరోలినాలో బాక్స్‌టర్ కంపెనీ ఫ్యాక్టరీ మునిగింది. ఆ దేశం వాడే సెలైన్ వంటి ద్రవాల్లో దాదాపు 60 శాతం అక్కడే తయారయ్యేవి. చుక్క వాన పడని ఊళ్ళలో కూడా ఆపరేషన్లు వాయిదా పడ్డాయి.

ఇంకో సంగతి. పడవలో వచ్చిన వైద్యులు మాత్ర పేరేమిటని అడిగితే నేను స్ట్రిప్ చూపించాను. ఆ కంపెనీ మాత్ర వాళ్ళ దగ్గర లేదు. వెనక సన్నటి అక్షరాల్లో ఉన్న అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో వాళ్ళే చదువుకుని, వేరే కంపెనీది ఇచ్చారు. స్ట్రిప్ నీళ్ళలో పోయి ఉంటే "తెల్లగా, పొడుగ్గా ఉంటుంది" అనడం తప్ప నాకేం తెలియదు. ఇప్పుడు ఆ పేరు, మోతాదు, వేసుకునే వేళలు, డాక్టరు ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాసి ప్లాస్టిక్ కవర్లో పెట్టాను. ఫోన్‌లో ఫోటో కూడా ఉంది కానీ, ఛార్జింగు అయిపోతే అది దేనికీ పనికిరాదు.

మా పక్కింటి పాపకి ఇన్సులిన్. కరెంటు పోగానే పాడవుతుందన్న భయంతో వాళ్ళు ఆ సీసాని ఐసు ముక్కల మధ్య పెట్టారు. గడ్డకట్టింది. గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్ళీ కరిగినా వాడకూడదు. తెరవనిది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి గానీ, చాలా రకాలు వాడకం మొదలయ్యాక ఎండ తగలని చల్లని చోట, 30 డిగ్రీలు మించకుండా ఉంచితే నాలుగు వారాల దాకా పనిచేస్తాయి. ఆ సంగతి తెలిసి ఉంటే ఆ తల్లి ఆ రాత్రి అంత ఏడ్చేది కాదు.

ఈసారి తుపాను హెచ్చరికతో పాటు వేసే జాగ్రత్తల్లో, కొవ్వొత్తుల కంటే ముందు, "ఇంట్లో రోజూ వేసుకునే మందులు ఎన్ని రోజులకి ఉన్నాయో ఇప్పుడే లెక్కపెట్టుకోండి" అని ఒక్క వాక్యం వేయండి. హెచ్చరిక నాడే కాదు, వానాకాలం మొదలవగానే ఒకసారి వేస్తే, నెమ్మదిగా కూడబెట్టుకోవడానికి అందరికీ వ్యవధి దొరుకుతుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు