తొలి రాత్రి రివ్యూల్లో నటి వేరు, సినిమా వేరు

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టు ఆఖర్లో వెనిస్ చిత్రోత్సవం మొదలవుతుంది. దాని వెంటే టెల్యూరైడ్, టొరంటో. ఆ మూడు వారాల్లో పేరున్న నటి ఎవరో ఒకరు పాతకాలపు రాణిగానో, గాయనిగానో, ఒకప్పటి తారగానో నటించిన బయోపిక్ తొలిసారి ప్రదర్శితమవుతుంది. తెల్లారేలోపే అభిమానుల మధ్య వాదన రాజుకుంటుంది. మర్నాడు సినిమా పేజీల్లో మాత్రం రెండే అంకెలు మిగులుతున్నాయి: చప్పట్లు ఎన్ని నిమిషాలు మోగాయి, రివ్యూలను లెక్కగట్టే సైటు రాటెన్ టొమాటోస్‌లో ఎంత శాతం పడింది. ఒక మనిషి నడకను, గొంతును, చూపును నెలల తరబడి సాధన చేసి తెర మీదికి తెచ్చిన నటి పని గురించి ఆ రెండు అంకెలూ దాదాపు ఏమీ చెప్పవు. మీ పత్రిక ఈ వార్తలు ఇచ్చే తీరు మారాలని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు శాతం సంగతి. రాటెన్ టొమాటోస్‌లో కనిపించేది మార్కులు కాదు, తలల లెక్క. రివ్యూ రాసినవాళ్లలో ఎంతమందికి మొత్తం మీద నచ్చిందో చెబుతుంది. ఎంతగా నచ్చిందో చెప్పదు. పదిమంది విమర్శకులూ ఐదుకు మూడు నక్షత్రాలు ఇచ్చారనుకోండి. మూడంటే ‘పర్వాలేదు, చూడొచ్చు’ అని. పదీ అనుకూలం కిందే పడతాయి కాబట్టి అక్కడ 100 శాతం. అవే పది రివ్యూలను మెటాక్రిటిక్ అనే ఇంకో సైటు నూటికి మార్చి సగటు కడుతుంది. అక్కడ వచ్చేది 60. బాగుందని చెప్పే ఆకుపచ్చ రంగు అక్కడ 61 నుంచి మొదలు, కనుక ఈ సినిమాకి దక్కేది మిశ్రమానికి గుర్తైన పసుపే. ఒకే సినిమా, అవే పది రివ్యూలు. ఒక అభిమాని నూటికి నూరంటాడు, ఇంకొకడు అరవయ్యే అంటాడు, ఇద్దరూ చూపించే స్క్రీన్‌షాట్లు నిజమైనవే. ఇలాంటి వాదన తెల్లవార్లూ సాగినా తెగదు.

రెండో చిక్కు సంఖ్యది. తొలి రాత్రి పది రివ్యూలు వచ్చి తొమ్మిది అనుకూలమైతే 90 శాతం. తర్వాతి వారం ఇంకో నాలుగు వచ్చి, నాలుగూ ప్రతికూలమైతే పద్నాలుగుకు తొమ్మిది, అంటే 64. ‘రేటింగు కుప్పకూలింది’ అని శీర్షికలు పెడతారు. నిజానికి మారింది విభాజకం మాత్రమే. పది రివ్యూలున్నప్పుడు ఒక్కో రివ్యూ విలువ పది శాతం. రెండొందలున్నప్పుడు అర శాతం. అందుకే పక్కన రివ్యూల సంఖ్య లేకుండా శాతం అచ్చు వేయడమంటే తూకంరాయి చూపకుండా బరువు చెప్పడమే. నా లెక్కలో ముప్ఫై రివ్యూలు దాటని శాతానికి శీర్షికలో చోటు లేదు.

ఆ మొదటి పదిమందీ ఎవరో కూడా చూడాలి. తొలి గంటలో వెలువడేవాటిలో ముందుండేవి వెరైటీ, హాలీవుడ్ రిపోర్టర్, స్క్రీన్ ఇంటర్నేషనల్ లాంటి వ్యాపార పత్రికల రివ్యూలు. వాటి ముఖ్య పాఠకులు సినిమాలు కొనేవాళ్లు, పంపిణీ చేసేవాళ్లు, థియేటర్లు నడిపేవాళ్లు. ‘దీన్ని ఎవరు చూస్తారు, అవార్డుల సీజన్‌లో నిలబడుతుందా’ అన్న ప్రశ్నకు ఆ రివ్యూల్లో తప్పక జవాబుంటుంది. విమర్శకులు ప్రెస్ షోలో ముందే చూసి, రాసి పెట్టుకుని, ఎంబార్గో, అంటే ఫలానా సమయం దాకా రివ్యూ బయటపెట్టకూడదన్న షరతు, గడువు తీరగానే వదులుతారు. కట్ట తెగినట్టు అన్నీ ఒకేసారి రావడానికి కారణం అదే. రోజుకు మూడు నాలుగు సినిమాలు చూస్తూ, మధ్యలో దొరికిన గంటా రెండు గంటల్లో రాసినవవి. నిదానంగా నడిచే కథకు అక్కడ కొంత అన్యాయం జరుగుతుంది, మెరుపులాంటి ఒక్క సన్నివేశానికి కాస్త ఎక్కువ న్యాయం జరుగుతుంది. ఇక ఎక్స్‌లో కనిపించే రెండు వాక్యాల పొగడ్తలు రివ్యూల కిందికే రావు. వాటిని గుదిగుచ్చి ‘విమర్శకుల ప్రశంసల జల్లు’ అని వేయడం తప్పు.

చప్పట్ల గురించి తక్కువ చెప్పినా చాలు. కాన్, వెనిస్ ప్రీమియర్లలో దర్శకుడు, నటీనటులు హాల్లోనే కూర్చుంటారు. సినిమా అయ్యాక కెమెరా ఒక్కొక్కరి ముఖం మీదికీ వెళ్తుంది, అది తెర మీద కనిపిస్తున్నంతసేపూ జనం నిలబడే ఉంటారు. తారలు బయటికి నడిస్తే చప్పట్లు ఆగుతాయి. వాళ్లు నిలబడితే సాగుతాయి. విలేఖరులు ఫోన్లలో గడియారం పెట్టి కొలుస్తారు, ఒకే సినిమాకు ఒకరు చెప్పిన నిమిషాలు ఇంకొకరు చెప్పరు. టెల్యూరైడ్, టొరంటోలలో ఈ కొలత ఆనవాయితీగా లేదు. అక్కడ తొలిసారి చూపిన సినిమాకు నిమిషాల లెక్క రాకపోతే అది అపజయమని అభిమానులు బెంగపడనక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. బయోపిక్‌లో నటికి పడే మార్కు, సినిమాకు పడే మార్కు రెండూ వేర్వేరు. ఒకే రివ్యూలో నటికి నూటికి తొంభై, సినిమాకు యాభై ఉండొచ్చు. కానీ సైటు లెక్కించేది రెండోదాన్నే. 2021 సెప్టెంబరునే తీసుకోండి. వెనిస్‌లో యువరాణి డయానాగా క్రిస్టెన్ స్టీవర్ట్ నటించిన ‘స్పెన్సర్’, టొరంటోలో అమెరికా టీవీ మతప్రచారకురాలు టామీ ఫేగా జెస్సికా చాస్టెయిన్ నటించిన ‘ది ఐస్ ఆఫ్ టామీ ఫే’ కొద్ది రోజుల తేడాతో వచ్చాయి. తొలి రివ్యూల్లో మొదటిదానికి నీరాజనాలు, రెండోదానికి మిశ్రమ స్పందన. అయినా ఆ రెండో సినిమా రివ్యూల్లో చాలావాటిలో ఒక మాట పదేపదే వచ్చింది: కథనం మామూలుగా ఉంది, చాస్టెయిన్ మాత్రం దాన్ని మోసింది అని. ఆరు నెలల తర్వాత 2022 మార్చిలో ఉత్తమ నటి ఆస్కార్ ఆమెదైంది. ‘స్పెన్సర్’కు దక్కిన ఒకే ఒక్క నామినేషన్ కూడా ఉత్తమ నటిదే, కానీ స్టీవర్ట్ గెలవలేదు. శాతాన్ని మాత్రమే పట్టుకున్నవాళ్లకు ఇది అంతుపట్టలేదు. నటి గురించిన వాక్యాలను విడిగా చదివినవాళ్లకు కొంతైనా అర్థమైంది.

దీనికి ఎదురు ఉదాహరణ 2024 వెనిస్‌లోనిది. ఏంజెలీనా జోలీ ‘మరియా’లో గాయని మరియా కలాస్‌గా నటించింది. హాలంతా లేచి నిలబడింది, ఆమె కంట నీరు పెట్టుకున్న ఫొటోలు లోకమంతా తిరిగాయి, ఆస్కార్ ఖాయమని రాశారు. చివరికి ఆ సినిమాకు దక్కింది ఛాయాగ్రహణానికి ఒక్క నామినేషన్. ఆ ఏడు వెనిస్‌లో ఉత్తమ నటికిచ్చే వోల్పీ కప్ కూడా నికోల్ కిడ్‌మన్‌కు వేరే సినిమాకు వెళ్లింది. 2007లో ఫ్రెంచ్ గాయని ఎడిత్ పియాఫ్ జీవితకథ ‘లా వీ ఆన్ రోజ్’తో బెర్లిన్ చిత్రోత్సవం మొదలైంది. పియాఫ్‌గా నటించిన మరియన్ కోటియార్‌కు అక్కడ నటి బహుమతి రాలేదు. మరుసటి ఏడాది ఆస్కార్ వచ్చింది. విమర్శకులు వేరు, చిత్రోత్సవ జ్యూరీ వేరు, ఆస్కార్ ఓటర్లు వేరు. నటన విభాగాల్లో నామినేషన్లు నిర్ణయించేది నటీనటుల శాఖ, తుది ఓటు సభ్యులందరిదీ. సెప్టెంబరు రివ్యూకీ జనవరి నామినేషన్‌కీ మధ్య నాలుగు నెలల దూరం ఉంది.

అలాగని తొలి రివ్యూలన్నీ గాలి మాటలని నేననను. ఏకాభిప్రాయం ఉన్నచోట, ముఖ్యంగా స్క్రిప్టు మీద అందరూ ఒకే ఫిర్యాదు చేసినచోట, అవి అరుదుగా తప్పుతాయి. 2014లో నటి గ్రేస్ కెల్లీ కథ ‘గ్రేస్ ఆఫ్ మొనాకో’ కాన్ ప్రారంభ చిత్రంగా వచ్చినప్పుడు విమర్శకులు తీవ్రంగా తిరస్కరించారు. అమెరికాలో అది చివరికి టీవీలో ప్రసారమైంది. నమ్మకూడనివి మధ్యలో ఉండే రివ్యూలు, అంటే సగం మందికి నచ్చి సగం మందికి నచ్చనివి. అక్కడే కారణాలు చదవాలి.

ఈ రకం సినిమాల్లో కారణాలు తిరిగి తిరిగి మూడు నాలుగు చోట్లకే వస్తాయి. ఒకటి, కథ ఎంత కాలాన్ని పట్టుకుంది అన్నది. పుట్టుక నుంచి చావు దాకా చెప్పే బయోపిక్ ‘వికీపీడియా పేజీలా ఉంది’ అనిపించుకుంటుంది, నటి ఏ వయసులోనూ నిలదొక్కుకోలేదన్న ఫిర్యాదు వస్తుంది. ‘స్పెన్సర్’ 1991 క్రిస్మస్ మూడు రోజులకు, ‘మరియా’ 1977లో కలాస్ చివరి వారానికి పరిమితమయ్యాయి. ‘జూడీ’ ప్రధానంగా హాలీవుడ్ నటి, గాయని జూడీ గార్లండ్ చివరి రోజుల లండన్ ప్రదర్శనల చుట్టూ తిరుగుతుంది. కాలం కుదిస్తే నటికి ఊపిరి దొరుకుతుంది, కానీ ‘ఆమె గొప్పతనం ఎక్కడ చూపించారు’ అనే ప్రేక్షకుడు అసంతృప్తిగా బయటికొస్తాడు. ‘స్పెన్సర్’ అయితే మొదట్లోనే ‘ఒక నిజ విషాదం నుంచి అల్లిన కథ’ అనే అర్థం వచ్చే వాక్యం తెర మీద వేసింది. అది గమనించకుండా చరిత్ర తప్పులు ఏరిన అభిమానులు చాలా శ్రమ వృథా చేసుకున్నారు.

రెండోది గొంతు. గాయని పాత్రయితే పాట ఎవరిదన్నది రివ్యూలో తప్పక వెతకండి. ‘జూడీ’లో రెనీ జెల్వెగర్ తనే పాడింది. ‘మరియా’లో జోలీ గొంతును కలాస్ అసలు రికార్డింగులతో కలిపారు. పియాఫ్ పాత్రలో కోటియార్ ఎక్కువగా రికార్డింగులకు పెదవులు కదిపింది. మూడూ మూడు రకాల కష్టాలు. సొంతంగా పాడితే ‘అసలు గొంతులో ఉన్న శక్తి లేదు’ అంటారు, కలిపితే ‘అతుకు కనిపించింది’ అంటారు, పెదవులు కదిపితే మెడ నరాలు, ఊపిరి తీసే చోటు పాటతో కలిశాయా లేదా అని చూస్తారు. చివరిదే అన్నిటికన్నా తేలికని అభిమానులు అనుకుంటారు గానీ, దగ్గరి షాట్‌లో గుండె నిండా గాలి పీల్చకుండానే పై స్థాయి స్వరం వినిపిస్తే ఆ క్షణంలోనే పాత్ర చచ్చిపోతుంది. ఇక యాస. ఆ వ్యక్తి సొంత దేశపు విమర్శకులు యాసను పట్టించుకున్నంతగా మిగతావాళ్లు పట్టించుకోరు, కాబట్టి రివ్యూ ఏ దేశం నుంచి వచ్చిందో చూసుకోవాలి.

మూడోది మేకప్. రివ్యూలో మొదటి మెచ్చుకోలు కృత్రిమ ముక్కుకో, విగ్గుకో దక్కిందంటే నటన గురించి చెప్పడానికి విమర్శకుడికి తక్కువ దొరికిందని అనుమానించవచ్చు. ఇది రూలు కాదు, చాలాసార్లు నిజమయ్యే ఊహ.

మాటల అనువాదం దగ్గర మన పత్రికలు మరింత జాగ్రత్త పడాలి. ఇంగ్లిష్ రివ్యూలో ‘కమిటెడ్’ అన్న విశేషణం ‘అంకితభావంతో జీవించింది’ అని తెలుగులోకి వస్తే నిండు ప్రశంసలా వినిపిస్తుంది. విమర్శకుడు తరచుగా అనేది, కష్టపడింది, కానీ ఆ కష్టం కనిపిస్తోంది అని. ‘బ్రేవ్’ అంటే సాహసించిందని మాత్రమే, నెగ్గిందని కాదు. ‘మ్యానర్డ్’ అంటే మర్యాదగా అని కాదు, కృతకంగా అని. ‘ఇంపర్సనేషన్’ దగ్గర ఆగితే అనుకరణ బాగుందని; దాన్ని దాటి పాత్రలో ఇమిడిపోయిందన్నారంటే అదే పెద్ద మెచ్చుకోలు. పోస్టర్ల మీద మూడు చుక్కలతో తెగిన వాక్యం కనిపిస్తే అసలు రివ్యూ తెరిచి ఆ చుక్కల చోట ఏముందో చదవాలి. చాలాసార్లు అక్కడొక ‘అయితే’ ఉంటుంది, వాక్యంలో అసలు తీర్పు ఆ ‘అయితే’ తర్వాతే ఉంటుంది.

ఇంకొక్కటి. చిత్రోత్సవంలో చూపిన కూర్పే థియేటర్‌కు వస్తుందన్న హామీ లేదు. బయోపిక్ కాకపోయినా దీనికి మంచి సాక్ష్యం 2003లో కాన్‌లో ప్రదర్శించిన ‘ద బ్రౌన్ బన్నీ’. అక్కడ దాన్ని తూర్పారబట్టిన విమర్శకుడు రోజర్ ఎబర్ట్, 118 నిమిషాల సినిమాలో 26 నిమిషాలు కోసేశాక చూసి మూడు నక్షత్రాలు ఇచ్చాడు. అందుకని చిత్రోత్సవ జాబితాలోని నిడివిని రాసి పెట్టుకుని, విడుదలప్పటి నిడివితో పోల్చుకోండి. పది నిమిషాలు తగ్గిందంటే ‘రెండో సగం సాగింది’ అన్న పాత ఫిర్యాదుకు కాలం చెల్లి ఉండొచ్చు.

వాదించుకునే అభిమానులకు నా సూచన ఇది. ఒక పట్టిక గీయండి: విమర్శకుడు, పత్రిక, ఏ ఉత్సవంలో చూశారు, ఎన్ని నక్షత్రాలు, నటి గురించి ఒక వాక్యం, సినిమా గురించి ఒక వాక్యం, ఫిర్యాదు. వెనిస్ రాత్రి పది వరసలు నిండుతాయి, టొరంటోలో టికెట్ కొన్న ప్రేక్షకులు చూశాక మరికొన్ని. పాతిక వరసలయ్యేసరికి ఫిర్యాదు గడిలో ఒకే మాట ఎన్నిసార్లు వచ్చిందో కంటికి కనిపిస్తుంది. ముగ్గురు నలుగురు ఎవరికి వారు ఒకే సన్నివేశాన్ని పేరు పెట్టి మెచ్చుకుంటే అది నటి సాధించినది. దాన్ని ఏ శాతమూ చెరపలేదు.

మీ పత్రికకు నా విన్నపం కూడా దీని మీదే. ఈసారి ఇలాంటి సినిమా వార్త వేసేటప్పుడు శాతం పక్కన రివ్యూల సంఖ్య, తేదీ ఇవ్వండి. మెటాక్రిటిక్ సగటునూ జత చేయండి. నటి గురించి రెండు వాక్యాలు, సినిమా గురించి రెండు వాక్యాలు విడివిడిగా, ఎవరు రాశారో చెప్పి ఒక చిన్న పెట్టెలో ఇవ్వండి. చప్పట్ల నిమిషాలను శీర్షికలో పెట్టకండి. జనవరిలో నామినేషన్లు వెలువడిన రోజున సెప్టెంబరులో మీరు వేసిన ఆ చిన్న పెట్టెను మళ్లీ పక్కనే అచ్చు వేయండి. ఏ విమర్శకుడు ఏం చూశాడో, ఏం చూడలేదో పాఠకులే పోల్చుకుంటారు.

ఇట్లు,
మీ సినిమా పేజీ పాఠకురాలు