గొంతు మళ్లీ బిగుసుకుంటే చెన్నై పోవాల్సిందేనా?

సంపాదకులు గారికి,

ఏటా ఫిబ్రవరి 4న క్యాన్సర్ దినం అంటూ పత్రికలన్నీ లక్షణాలు, పరీక్షలు, జాగ్రత్తల గురించి పేజీలు వేస్తాయి. మంచిదే. వైద్యం అయిపోయాక ఏళ్ల తరబడి బతుకుతున్నవాళ్ల బాధలు మాత్రం వాటిలో పెద్దగా కనపడవు. మా అమ్మ అలాంటి మనిషి.

అమ్మకు అన్నవాహిక పైభాగంలో, స్వరపేటిక పక్కనే క్యాన్సర్ వచ్చింది. అక్కడ కోయాలంటే స్వరపేటిక కూడా తీసేయాల్సి వస్తుందని, ఆపరేషన్ మాట వదిలేసి కీమో, రేడియేషన్ కలిపి ఇచ్చారు. రేడియేషన్ వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు. ఆపరేషన్ లేదనగానే బంధువులు ఆశ వదులుకున్నారు. "ఎందుకురా ఆమెను ఇంకా కష్టపెడతావు, ఇంటికి తీసుకురా" అని నాకు చెప్పినవాళ్లు చాలామంది. అలా చికిత్స మధ్యలోనే ఇంటికి తెచ్చేసుకున్న కుటుంబాలు మా చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నాయి. వాళ్లకు ఒక లెక్క తెలియాలి. ఈ జబ్బుకు ఆపరేషన్ లేకుండా చేసే వైద్యంపై అమెరికాలో జరిగిన ఒక పరిశోధన ఫలితాలు 1999లో వెలువడ్డాయి. రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవారిలో ఐదేళ్ల తర్వాత ఒక్కరూ మిగల్లేదు. దానికి కీమో తోడైనవారిలో నూటికి 26 మంది బతికారు. 26 తక్కువేనని నాకూ తెలుసు. కానీ మా ఇంట్లో ఆ ఐదేళ్లూ దాటిపోయాయి. ఆ మధ్య పెళ్లిలో దూరపు చుట్టం ఒకావిడ అమ్మను చూసి "నువ్వు ఇంకా ఉన్నావా వదినా!" అనేసింది. అమ్మే నవ్వి సర్దేసింది.

పొగాకు, మద్యం ఈ జబ్బుకు పెద్ద కారణాలే. అమ్మ రెండూ ఎరగదు. అయినా "చుట్ట తాగేదా?" అని అడగనివాళ్లు లేరు, పొగాకు పండే నేల కదా మనది!

ఇక అసలు సంగతి. రేడియేషన్ పడ్డచోట లోపల మచ్చకట్టి గట్టిపడి, నెలలకో ఏళ్లకో దారి సన్నబడుతుంది. చపాతీ, వేటమాంసం మా ఇంట్లో ఆమెకు పెట్టం. చేపల పులుసు వండితే ముక్కలు మాకు, పులుసు ఆమెకు. ముద్దముద్దకూ గుక్కెడు నీళ్లు. ఇంత చూసుకున్నా కొన్నాళ్లకు మెత్తటి అన్నం కూడా దిగదు. జబ్బు తిరగబెట్టిందేమోనని ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఎండోస్కోపీ చేసి, అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితేగానీ తేలదు. మచ్చ వల్ల వచ్చిన ఇరుకే అయితే బెలూన్‌తోనో, ఒకదాని తర్వాత మరొకటి లావు గొట్టాలు దించో దారి వెడల్పు చేస్తారు. ఒకసారితో అయిపోదు, మళ్లీ మళ్లీ చేయించుకోవాలి.

దీనికోసం మేం కావలి నుంచి చెన్నై పోతున్నాం. దగ్గర్లో ఒక ఆసుపత్రిలో అడిగితే "రేడియేషన్ ఇచ్చినచోటికే వెళ్లండి" అన్నారు. వాళ్ల భయంలో అర్థం ఉంది, అన్నవాహిక చిరిగే ప్రమాదం ఉంటుంది. నాకు అర్థం కానిది పథకం సంగతి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా ఉన్న ఆ పథకమే మా కీమో, రేడియేషన్ ఖర్చు మోసింది, ఆ మేలు మరచిపోం. తర్వాత దారి వెడల్పు చేయించుకోవడం గురించి అడిగితే మాత్రం కౌంటర్‌కో మాట చెబుతున్నారు. చేసేది లేక చేతి డబ్బు పెట్టుకుంటున్నాం. రైల్వే నయం. చెకప్‌కు వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో టికెట్ ఛార్జీ ఉండదు, వెంట వెళ్లే ఒకరికి 75 శాతం రాయితీ. ఆసుపత్రి ఇచ్చే సర్టిఫికెట్ చూపాలి. ఇది తెలియక పూర్తి ఛార్జీ పెట్టి వెళ్లేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తుంటారు.

నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో వారానికి ఒకరోజు ఇలాంటి పాత రోగుల కోసమే కేటాయించాలి. పామూరు, కనిగిరి వైపువాళ్లకు ఒంగోలు చేరడానికే ఒక పూట పడుతుంది, వాళ్లను చెన్నై పొమ్మంటే ఎలా? ఆ రోజు ఎండోస్కోపీ డాక్టరు ఉండాలి, ఏం తినాలో చెప్పే మనిషి ఉండాలి, థైరాయిడ్ రక్తపరీక్ష చేయాలి. మెడకు రేడియేషన్ పడినవారిలో థైరాయిడ్ మందగించి నీరసం రావచ్చు. ఆ నీరసాన్ని వయసు మీదకు నెట్టి ఊరుకుంటాం. ఎంత మోతాదు, ఎక్కడ పడిందీ రాసిన కాగితం ప్రతి రోగి చేతికీ ఇస్తే కొత్త డాక్టరు కూడా ధైర్యంగా చేయి వేస్తాడు.

ఈ రెండు జిల్లాల్లో అన్నవాహిక వెడల్పు చేసే సౌకర్యం ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉంది, ఏ రోజు చేస్తారు, పథకం కింద చేస్తారా లేదా? అధికారులను అడిగి ఆ జవాబు మీ జిల్లా పేజీలో వేయించగలరు.

ఇట్లు,
ఒక పాఠకుడు, కావలి