విశేషం ఏమైనా ఉందా?

గుంటూరు,
ఆదివారం రాత్రి

బుజ్జీ,

ఎలా ఉన్నావే? ఫోన్ ఎత్తలేదని కోప్పడకు. ఇది ఫోన్‌లో తేలే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను.

నెలనెలా 9వ తారీకు ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు, విజయవాడలో మీ హెల్త్ సెంటర్‌లోనూ అంతేగా. 2016 నుంచీ అది గర్భిణుల చెకప్ రోజు. వరండా నిండా నెలలు నిండుతున్న అమ్మాయిలు, వాళ్ళ అమ్మలు, అత్తలు. రెండు నెలల కిందట ఆ గుంపులో ఓ మూల నిలబడి ఒకమ్మాయి బీపీ చూడమంది. నేను రాసుకుంటూ, తల కూడా ఎత్తకుండా, గట్టిగా అడిగాను: "పిల్లలెంతమందమ్మా?" ఆ పిల్ల పలకలేదు. పక్కనున్న అత్తగారు "పెళ్ళై నాలుగేళ్ళు, ఇంకా విశేషం లేదు" అని అందరికీ వినపడేట్టు చెప్పింది. బీపీ పట్టీ విప్పేలోపే ఆ అమ్మాయి కళ్ళు నిండిపోయాయి. చీటీ కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదే. పొద్దున్నే మన ఈసీ రిజిస్టర్, అదే పిల్లల్ని కనే వయసు జంటల వివరాలు రాసే పుస్తకం, తీసి వెతికాను. పిల్లలు: 0. ఆ తర్వాత గడులన్నీ ఖాళీ. నాలుగేళ్ళుగా మన వాళ్ళు ఆ ఇంటికి వెళ్ళి, ఆపరేషనా, మాత్రలా, కాపర్ టీనా అని అడిగి వస్తూనే ఉన్నారు. ఆ సున్నా గురించి మాత్రం ఒక్కరూ అడగలేదు. ఆరుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు పిల్లలు కలగని ఈ ఇబ్బంది వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. మన రిజిస్టర్లలో ఇలాంటి సున్నాలు ఎన్ని ఉన్నాయో ఆలోచించు.

సాయంత్రం ఆశా వర్కర్ అక్కను తీసుకుని వెళ్ళాను. ఆ అమ్మాయి మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతుంది, భర్త యార్డులో బస్తాలు మోస్తాడు. ముందు క్షమాపణ చెప్పాను. కాసేపటికి బీరువాలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. మూడు స్కానింగులు, థైరాయిడ్ టెస్టు, గర్భసంచి ట్యూబుల ఎక్స్‌రే. ఆ ఎక్స్‌రే రోజు నొప్పికి అరిచిందట. గొలుసు తాకట్టులో ఉంది. పిల్లల కోసం మొక్కుకోడానికి మోపిదేవి గుడికి రెండుసార్లు వెళ్ళొచ్చారు. కవరంతా రెండుసార్లు తిరగేశాను బుజ్జీ, భర్తకు చేసిన పరీక్ష ఒక్కటీ లేదు! పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది కదా. సూది గుచ్చే పని లేని వీర్య పరీక్ష, ఖర్చూ తక్కువ. అది వదిలేసి ఈ పిల్లను ఇన్ని చోట్ల పడుకోబెట్టారు. నాకెంత కోపం వచ్చిందో చెప్పలేను.

అతన్ని బయట వేపచెట్టు కిందకు పిలిచి మాట్లాడాను. "నాకేముంటుంది సిస్టర్, నేను బాగానే ఉన్నాగా" అన్నాడు. మగతనం వేరు, వీర్యకణాల లెక్క వేరు తమ్ముడూ అన్నాను. పరీక్షకు ముందు రెండు రోజులకు తక్కువ కాకుండా, ఏడు రోజులు దాటకుండా భార్యాభర్తలు ఎడంగా ఉండాలనీ, వీర్యం ఇంట్లో తీస్తే డబ్బా ఒంటికి ఆనించుకుని గంటలోపు ల్యాబ్‌కు చేర్చాలనీ చెప్పాను. కణాలు తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి, మధ్యలో గట్టి జ్వరం వచ్చినా లెక్క తగ్గొచ్చు, ఒక్క రిపోర్టు చూసి బెంగపడొద్దన్నాను. గుట్కా మానమన్నాను. తల ఊపాడు.

ఆమెకు ఫోలిక్ యాసిడ్ మాత్రలు కూడా ఎవరూ ఇవ్వలేదే, రోజుకు 400 మైక్రోగ్రాములే కదా. చిన్నప్పుడు టీబీ మందులు వాడావా అనీ అడిగాను, టీబీతో ట్యూబులు మూసుకుపోయిన కేసులు మనం చదువుకున్నాంగా. లేదంది.

కానీ ఆ అమ్మాయి చెప్పుకోవాలనుకుంది ఇవేవీ కావు. పక్కింటి సీమంతానికి వీధిలో అందరినీ పిలిచి తననొక్కదాన్నే వదిలేశారట. నెల తప్పిందేమోనని ఆశపడిన రోజులు, ఆ తర్వాత బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చిన రోజులు అన్నీ చెప్పింది. నేను ఒక్క సలహా ఇవ్వలేదు. చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

ఇది స్పెషలిస్టుల పని, మనకెందుకు అంటావేమో. 1978లో ప్రపంచంలో మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ పుట్టడం వెనుక ఉన్న ముగ్గురిలో జీన్ పర్డీ నర్సుగా శిక్షణ పొందిన మనిషి. మిగతా ఇద్దరి పేర్లే అందరికీ తెలిశాయి. అంత పని మనం చేయలేం. కానీ ఏడాది ప్రయత్నించినా నెల తప్పకపోతే ఇద్దరూ కలిసి రండి, 35 దాటితే ఆరు నెలలకే రండి అని గుమ్మం దగ్గర చెప్పేది మనం కాక ఇంకెవరు?

డాక్టరు గారిని ఒప్పించి శనివారం మధ్యాహ్నం టీకాల గది అడిగాను. గర్భిణులు రాని పూట, తలుపు వేసుకుని మాట్లాడొచ్చు. ఇప్పుడు "పిల్లలెంతమంది" అని అడగడం మానేశాను. "ఇంట్లో ఎవరెవరు ఉంటారమ్మా" అంటే వాళ్ళే చెబుతారు. ఇప్పటికి నాలుగు జంటలు వచ్చాయి. ఒకతను గేటు దాకా వచ్చి వెనక్కి పోయాడు.

మొన్న ఆ తమ్ముడి రిపోర్టు వచ్చింది. కణాలు తక్కువగా ఉన్నాయి, మళ్ళీ ఒకసారి చేయించాలి. ఆ అమ్మాయి కాగితం చేతిలో పట్టుకుని "అయితే తప్పు నాది కాదా అక్కా?" అంది. ఎవరి తప్పూ కాదన్నాను. వెంటనే "అత్తయ్యకు ఆయన పేరు చెప్పొద్దక్కా, ఆయన తట్టుకోలేడు" అంది. ఇన్నాళ్ళూ తను ఎలా తట్టుకుందో!

రేపు ఇద్దరినీ పెద్దాసుపత్రికి తీసుకెళుతున్నాను, సెలవు పెట్టాను. మీ సెంటర్‌కు మగవాళ్ళను ఎలా రప్పిస్తున్నావో, అత్తగార్లతో ఏం మాట్లాడుతున్నావో వివరంగా రాయి. శనివారం లోపు కావాలే.

నీ
చిన్ని