వార్డు బయట కూర్చున్న భర్తని కూడా లోపలికి పిలవండి

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మా చెల్లికి రెండో కాన్పు అయ్యేనాటికి 23 ఏళ్లు. బిడ్డ పుట్టిన మర్నాడు పొద్దున్నే నర్సమ్మ కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కాగితం ఒకటి తెచ్చి, "ఆపరేషన్ చేయించేసుకుంటావుగా?" అంది. "ఆఁ, చేసేయండమ్మా" అని అత్తగారే జవాబు చెప్పేసింది. చెల్లి డిగ్రీ చదివిన పిల్ల. అయినా కిక్కురుమనకుండా సంతకం పెట్టింది. చెల్లి భర్త, మా మరిది, వార్డు బయట బల్ల మీద ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. అతన్ని లోపలికి రమ్మన్నవాళ్లు లేరు.

నాలుగేళ్ల తర్వాత ఒకరోజు చెల్లి, "అక్కా, మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షన్ ఉందట కదా, నాకెవరూ చెప్పలేదే" అంది. నా దగ్గరా జవాబు లేదు.

చెల్లి అడిగిన ఆ అంతర ఇంజెక్షన్, మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికొకటి వేసుకునే ఛాయ మాత్ర, గర్భసంచిలో పెడితే పదేళ్లు పనిచేసే కాపర్-టీ, ఇవన్నీ ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది. అయినా మన ఊళ్లలో కుటుంబ నియంత్రణ అంటే ఆడదాని ఆపరేషనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్ ఒక్క శాతం కూడా లేదు. ఆపరేషన్ తప్పని నేననడం లేదు, అన్నీ తెలుసుకుని కోరుకుంటే మంచిదే. తెలియకుండా జరగడమే నా బాధ.

మగవాళ్ల సంగతి చెప్పాలంటే, వేసెక్టమీకి, అంటే మగవాళ్ల ఆపరేషన్‌కి, పెద్ద కోత ఉండదు, కుట్లు ఉండవు, అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. తర్వాత మూడు నెలలు కండోమ్ వాడి, పరీక్ష చేయించుకుంటే చాలు. అయినా "బరువులెత్తలేం, మగతనం పోతుంది" అనే భయం పోలేదు. ఎమర్జెన్సీ నాటి బలవంతపు ఆపరేషన్ల కథలు విని పెరిగినవాళ్లు ఇంకా ఉన్నారు. ఏటా నవంబర్ 21 నుంచి వేసెక్టమీ పక్షోత్సవాలు జరుపుతారు. ఒక బ్యానర్ కడితే పోయే భయమా అది? ఎదురుగా కూర్చుని మాట్లాడే మగ ఆరోగ్య కార్యకర్త కావాలి.

ఒకప్పుడు ఇద్దరు పిల్లలు చాలన్నారు. ఇద్దరికి మించి ఉంటే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధనని 2024లో తీసేశారు, ఇప్పుడు ఎక్కువ మందిని కనమంటున్నారు. అప్పుడూ ఇప్పుడూ లెక్క జనాభాదే. "నీకు ఎప్పుడు కావాలమ్మా, ఎంత ఎడం కావాలి?" అని కడుపు మోసే మనిషిని అడగడం మాత్రం మొదలవ్వలేదు.

నేను అడిగేది కొత్త పథకం కాదు. ప్రతి నెలా 9న గర్భిణులకు పరీక్షలు చేస్తున్నారు కదా, ఏడో నెల వచ్చేసరికి ఆ రోజున భర్తని కూడా రమ్మనండి. ఏఎన్ఎం అమ్మకి (ఊళ్లో ఆరోగ్యం చూసే నర్సమ్మకి) ఒక గది, ఇరవై నిమిషాల టైమ్ ఇవ్వండి. కాపర్-టీని వాళ్ల చేతికిచ్చి చూడనివ్వండి, పైకెక్కి గుండెల్లోకి పోతుందనే భయం అప్పుడే తగ్గుతుంది. తర్వాత అత్తగారినీ భర్తనీ కాసేపు బయట కూర్చోబెట్టి, ఆ అమ్మాయితో విడిగా మాట్లాడించండి. నొప్పుల మీద ఉన్నప్పుడో, కాన్పై నీరసంగా పడుకున్నప్పుడో మాత్రం సంతకం అడగొద్దని రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వండి.

మా మరిదిని ఈ మధ్య అడిగాను, ఆ రోజు నిన్ను లోపలికి పిలిచి ఉంటే ఏమనేవాడివని. "నేనే చేయించుకునేవాణ్ణేమో వదినా, అలాంటిది ఉందని నాకేం తెలుసు?" అన్నాడు.

ఇట్లు,
ప్రకాశం జిల్లా నుంచి ఒక అక్క