స్కాట్ దొరకు ఓ పేరుంది

సంపాదకులకు నమస్కారం.

గతవారం మీ సినిమా పేజీలో అట్టడుగున, నగల దుకాణం ప్రకటన పక్కన, ఆరు లైన్ల ముక్క ఒకటి వేశారు. 'ఆర్ఆర్ఆర్'లో స్కాట్ దొరగా వేసిన రే స్టీవెన్సన్ వర్ధంతి. 'ఆర్ఆర్ఆర్‌తో ప్రపంచానికి తెలిసిన చిన్న నటుడు' అట. ఆ రోజే రాద్దామనుకున్నాను గానీ మనవరాలి కాలేజీ అడ్మిషన్ తిరుగుడులో పడి కుదరలేదు, కోపం మాత్రం అలాగే ఉంది. పైగా వేసిన ఫొటో ఆయనది కాదు. తెల్లగా ఉన్నాడు, గడ్డం ఉంది, ఇంకేం కావాలి అనుకున్నట్టున్నారు.

అయ్యా, మన సినిమా వచ్చింది 2022లో. 2005లోనే 'రోమ్' సీరియల్లో టైటస్ పుల్లో అనే సైనికుడిగా ఆయన చేసిన నటన చూసినవాళ్లెవరూ ఈ ముక్క రాయరు. చావుకి సిద్ధపడి బరిలో కూలబడ్డ మనిషి, ఎంత రెచ్చగొట్టినా కత్తి పట్టనివాడు, తన పదమూడో దళాన్ని తిట్టేసరికి లేచి ఒక్కొక్కణ్ణీ నరుక్కుంటూ పోతాడు, చివరికి అలసిపోతే స్నేహితుడు వొరేనస్ దూకి కాపాడతాడు. భీమ్, రామ్ స్నేహం చూసి చప్పట్లు కొట్టిన మనకి ఆ సీన్ ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. దానికి ముందు, 2004లో 'కింగ్ ఆర్థర్'లో గడ్డకట్టిన సరస్సు మీదికి ఒక్కడే పరిగెత్తి గొడ్డలితో మంచు పగలగొట్టి బాణాలకి కూలిపోయే డాగొనెట్ కూడా ఆయనే. హీరో పేరు మర్చిపోయాను, ఈ గొడ్డలి మాత్రం గుర్తుంది.

ముందు ఇంటీరియర్ డిజైన్ పని చేసుకునేవాడు, అది వదిలేసి బ్రిస్టల్ ఓల్డ్ విక్‌లో నటన నేర్చుకుని ముప్ఫైకి దగ్గరపడ్డాక బయటికొచ్చాడు. 2008లో 'పనిషర్: వార్ జోన్'లో హీరోగా వేస్తే సినిమా ఆడలేదు. మళ్లీ బుద్ధిగా పక్క పాత్రలకే వచ్చాడు. 'థోర్' మూడు సినిమాల్లో వోల్‌స్టాగ్, మూడోదాంట్లో వచ్చీ రాగానే చంపేశారు పాపం. 'డెక్స్‌టర్'లో గ్యాంగ్‌స్టర్, 'బ్లాక్ సెయిల్స్'లో సముద్రపు దొంగ. 2023 మే 21న ఇటలీలో పోయాడు, ఇంకో నాలుగు రోజులుంటే యాభైతొమ్మిది నిండేవి. ఆ తర్వాత మూడు నెలలకి ఆయన నటించిన 'అసోకా' సీరియల్ (మన అశోకుడు కాదు లెండి) వస్తే మొదటి ఎపిసోడ్‌ని ఆయనకే అంకితమిచ్చారు. మనం ఇచ్చింది వేరేవాడి ఫొటో.

ఇంకోటి. ఆయన ఇంగ్లండ్‌లో పుట్టాడని రాశారు. పుట్టింది ఉత్తర ఐర్లాండ్‌లోని లిస్బర్న్‌లో. పనిలో పనిగా స్కాట్ దొర భార్యగా వేసిన అలిసన్ డూడీనీ 'ఇంగ్లిష్ నటి' చేసేశారు. ఆవిడది డబ్లిన్. ఏటా అల్లూరి జయంతికి ఫుల్ పేజీ వేసే పేపరు ఒక ఐరిష్ మనిషిని తీసుకెళ్లి ఇంగ్లిషువాళ్ల ఖాతాలో రాయడమా?

మీ ఆఫీసుకి ఫోన్ చేస్తే ఎవరో అబ్బాయి 'సైడ్ క్యారెక్టర్ కదా సార్' అన్నాడు. సైడ్ క్యారెక్టరే బాబూ. కానీ ఒక్క తూటా ఖరీదు లెక్కగట్టి చెప్పే ఆ స్కాట్ దొర లేకపోతే చివర్లో భీమ్ పేల్చే తూటాకి అంత విలువేది? 1974లో మన కృష్ణగారి 'అల్లూరి సీతారామరాజు'లో రూథర్‌ఫర్డ్ దొరగా వేసింది జగ్గయ్యగారు. అచ్చ తెలుగాయన్ని దొరగా నమ్మేశామంటే అది ఆయన గొప్పతనం. అదీ సైడ్ క్యారెక్టరేనా?

మిమ్మల్ని మాత్రం అని ఏం లాభం, ప్రభుత్వాలే అలా ఉన్నాయి. క్యారెక్టర్ నటులకి ఎస్వీ రంగారావుగారి పేరు మీద నంది ఇచ్చేవారు. 2017లో మూడేళ్లవి ఒకేసారి ప్రకటించి, గొడవలు పడి, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఊసే లేదు. టికెట్ రేట్లు పెంచే జీవో మాత్రం రాత్రికి రాత్రే వస్తుంది.

సవరణ వేస్తారో లేదో మీ ఇష్టం. వేస్తే ఆ మూలనే వేయండి, నగల ప్రకటనకి అడ్డం రాకుండా. ఫొటో మాత్రం ఈసారి ఆయనదే పెట్టండి.

— పాత చందాదారుడు, తణుకు