మన రైలు పక్కన మన తాటిచెట్టే ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో మోడల్ రైళ్ళ మీద, అంటే రైలునూ దాని పరిసరాలనూ చిన్న నమూనాగా కట్టే సరదా మీద, వేసిన కథనం చదివాను. తెలుగు పత్రికల్లో ఈ విషయానికి ఒక పేజీ దొరకడమే అరుదు, ముందుగా ధన్యవాదాలు. కానీ అందులో ఒక మాటకు జవాబు రాయకుండా ఉండలేకపోయాను. కొండలు, చెట్లు, గడ్డి, కంకర అన్నీ విదేశాల నుంచి తెప్పించుకోవాలి కాబట్టి ఇది డబ్బున్నవాళ్ళ సరదా అని రాశారు. ఇంజను, పెట్టెలు, పట్టాలు కొనక తప్పదు, నిజమే. చుట్టూ ఉండే పరిసరాలు మాత్రం కొనేవి కావు. కొంటే వాళ్ళ దేశం వస్తుంది గానీ మనది రాదు.

నేను రైల్వేలో పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టరుగా, అంటే పట్టాల బాగోగులు చూసే ఉద్యోగిగా, చేసి రిటైరయ్యాను. ఉద్యోగమంతా ట్రాలీ మీదా, కాలినడకనా పట్టాల వెంబడే గడిచింది. ఇప్పుడు మా మేడమీద గదిలో 1980ల నాటి మా ఊరి గోదావరి స్టేషన్ చివర, నది మీది పాత రైలు వంతెన హేవలాక్ మొదలయ్యే చోటు నమూనాగా కడుతున్నాను. ఒక పక్క స్టేషన్, మధ్యలో నది, అవతల కొవ్వూరు వైపు గట్టు. స్కేలు హెచ్‌ఓ, అంటే అసలులో 87వ వంతు.

1900లో తెరిచిన ఆ వంతెనకు 56 స్పాన్లు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు. ఒక్కోటి 45.7 మీటర్లు. 87తో భాగిస్తే 52 సెంటీమీటర్ల పైచిలుకు వస్తుంది. మొత్తం కట్టాలంటే 29 మీటర్ల పొడవు హాలు కావాలి. (దాని బదులు 1997లో వచ్చిన ఆర్చి వంతెన కడదామనుకుంటే ఒక్క స్పానే 112 సెంటీమీటర్లు!) మా గదిలో మూడు స్పాన్లే పట్టాయి. అయినా వచ్చిన ఇబ్బంది ఏమీ లేదు. చూసేవాళ్ళు వంతెన పొడుగు కొలవరు. రాతి స్తంభం మీద వరద వదిలిన చారలు, నీళ్ళకు కాస్త పైన పట్టిన పాచి, గర్డరు మూలల్లో తుప్పు, ఇవి చూస్తారు. అవి సరిగ్గా ఉంటే మన ఊరి వంతెన అని చెప్పకుండానే తెలిసిపోతుంది.

మొదట తేల్చుకోవాల్సింది ఏ ఏడు, ఏ నెల అన్నది. చాలామంది ఇది వదిలేసి నేరుగా చెట్లు అతికించడం మొదలుపెడతారు. నేను 1980లు అనుకున్నాను కాబట్టి పైన కరెంటు తీగలూ స్తంభాలూ లేవు, మెరూన్ రంగు పెట్టెలు, ముందు డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజను. 1974 నాటి రోడ్డు-కమ్-రైలు వంతెన, మోడల్ వెనక గది గోడకు వేసిన బొమ్మలో కనబడాలి, ఆర్చి వంతెన మాత్రం ఉండకూడదు. నెల కార్తీకం, సార్వా కోతలకు ముందు. దాంతో పొలం రంగు, గట్టు మీద గడ్డి రంగు, నీటి రంగు మూడూ ఒక్క దెబ్బకు తేలిపోయాయి. శ్రావణం అనుకుని ఉంటే గోదావరి ఎర్రగా, చిక్కగా ఉండాలి. 1986 ఆగస్టు వరద చూసినవాళ్ళకు ఆ రంగు వర్ణించి చెప్పక్కర్లేదు. అలాంటి నీటికి ఖరీదైన రెజిన్ (పోస్తే గాజులా గట్టిపడే ద్రవం) కూడా అవసరం లేదు. బురద నీళ్ళలోంచి అడుగు కనబడదు కదా, ప్లైవుడ్ మీద రంగు వేసి, మెరిసే వార్నిష్ నాలుగు పూతలు పూస్తే చాలు. కార్తీకం నీళ్ళు తేటబడతాయి కాబట్టి నేను ఒడ్డు దగ్గర ఇసుక రంగు, మధ్యకు పోయేకొద్దీ ముదురు ఆకుపచ్చ వేసి, పైన రెజిన్ పలచగా పొర తర్వాత పొర పోస్తున్నాను. ఒక్కసారే మందంగా పోస్తే వేడెక్కి పగుళ్ళిస్తుంది.

కంకర గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, నా ఉద్యోగమే అది. లైను కింద వేసే రాయి 20 నుంచి 65 మిల్లీమీటర్ల లోపు ఉంటుంది. 87వ వంతుకు దించితే పావు మిల్లీమీటరు నుంచి ముప్పావు మిల్లీమీటరు. అది మన గోదావరి ఇసుకలోనే దొరుకుతుంది. ముందు పిండి జల్లెడతో పట్టాలి, జల్లెడలోంచి దిగినదాన్ని పాత వాయిల్ గుడ్డలో వేసి సన్న దుమ్ము పోయేదాకా ఆడించాలి. గుడ్డలో మిగిలిందే మన కంకర. దాన్ని కడిగి, మూకుట్లో వేడి చేసి, పళ్ళెంలో పరిచి, ప్లాస్టిక్ కవరు చుట్టిన అయస్కాంతాన్ని పైనుంచి నాలుగుసార్లు తిప్పాలి. నల్లటి రేణువులు మీసాల్లా లేచి అంటుకుంటాయి. అవి తీసెయ్యకపోతే ఇంజను మోటారులో అయస్కాంతం వాటిని లోపలికి లాక్కుంటుంది, మోటారు పాడవుతుంది. తర్వాత పట్టాల మధ్య కుంచెతో సర్ది, మీద నీళ్ళు మంచులా చల్లి, ఒక పాలు ఫెవికాల్‌కు రెండు పాళ్ళు నీళ్ళు, నాలుగు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి సిరంజితో వదలాలి. ఆ లిక్విడ్ లేకపోతే జిగురు లోపలికి ఇంకకుండా ముత్యాల్లా దొర్లి కంకరను ఎత్తుకుపోతుంది. మర్నాటిదాకా ముట్టుకోకూడదు.

ఇక్కడితో సగం పనే అయినట్టు. చాలా మోడళ్ళలో కంకర స్లీపర్లను (పట్టాల కింది అడ్డ దిమ్మెలను) ముంచేసి గుట్టగా ఉంటుంది. అసలు లైనులో కంకర అంచు గీత గీసినట్టు ఉంటుంది, దాని పక్కన చదునుగా సెస్ అనే మట్టి అంచు, ఆ తర్వాతే గడ్డి. గ్యాంగ్‌మన్లు ఎండలో వానలో ఆ గీత కాపాడతారు. మోడల్‌లో ఆ గీత కనబడితే వాళ్ళ చెమట కనబడినట్టే నాకు. పట్టా తల మెరవాలి, పక్కలు తుప్పు రంగులో ఉండాలి, మెయిన్ లైనులో తక్కువ, లూప్ లైనులో, అంటే స్టేషనులో బండ్లు పక్కకు ఆగే లైనులో, ఎక్కువ. స్టేషను నుంచి బండి బయల్దేరడానికి ఇచ్చే స్టార్టర్ సిగ్నల్ దగ్గర ఇంజను ఆగే చోట నల్లటి నూనె మరక. ఇంకొకటి, బజారులో దొరికే హెచ్‌ఓ లైనులో రెండు పట్టాల మధ్య దూరం, అంటే గేజి, 16.5 మిల్లీమీటర్లు. అది విదేశీ 1435 మిల్లీమీటర్ల గేజికి సరిపోతుంది. మన 1676కు 19 మిల్లీమీటర్లపైన కావాలి. పట్టాలను మార్చలేకపోయినా, కింద స్లీపర్లను విడదీసి 7 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున మళ్ళీ పేర్చుకుంటే, అంటే అసలులో 60 సెంటీమీటర్లకు ఒకటి లెక్కన, చూపుకు మన లైను లాగే ఉంటుంది.

చెట్ల సంగతి. మీ కథనం పక్కన వేసిన ఫొటోలో అన్నీ కోసుగా ఉన్న మంచుదేశపు చెట్లే. మన గట్టు మీద తాటిచెట్టు లేకపోతే ఎలా? ఇరవై మీటర్ల తాడికి 23 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. సైకిల్ పుల్ల చుట్టూ కాగితం టేపు చుట్టి, రంపపు పొట్టు కలిపిన జిగురు పూసి, ఆరేలోపు బ్లేడుతో మట్టల గుర్తులు వలయాలుగా గీస్తాను. ఆకులు మా మనవరాలు కత్తిరిస్తుంది, గుండ్రటి కాగితాన్ని విసనకర్రలా మడిచి అంచులు చీల్చి. పైన పచ్చవి, కింద ఎండి వేలాడేవి కొన్ని తప్పకుండా ఉండాలి. కల్లు ముంతకు ఆవగింజ సరిపోయింది. రెండు మిల్లీమీటర్లు, అంటే అసలులో 17 సెంటీమీటర్లు. పండిన వరికి గోనెసంచి జనపనార కోసి సెంటీమీటరు ఎత్తున దుబ్బులుగా నాటుతున్నాను, రంగు కూడా వేయక్కర్లేదు.

ఇవేవీ లక్షలు పెట్టి కొన్నవి కావు. అందుకే ఒక విషయం నన్ను బాధపెడుతోంది. ఈమధ్య ఒక బడిలో బోలెడు డబ్బు పోసి మోడల్ రైలు పెట్టారు. పిల్లల కోసం అంత ఖర్చు పెట్టడం మంచి ఆలోచనే. కానీ మొత్తం సెట్టుగా కొన్నదే, మంచు కొండలు, పెంకుటిళ్ళ మీద పొగగొట్టాలు. పిల్లలు కట్టడానికి అందులో ఏమీ మిగల్లేదు. రోజూ గేటు దగ్గర రైలు చూసే పిల్లలు వాళ్ళు. పసుపు బోర్డు మీద నల్లటి అక్షరాలతో మూడు భాషల్లో ఊరి పేరు, కింద సముద్ర మట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తో రాసిన అంకె, అవి వాళ్ళ చేత రాయించి ఉంటే ఎంత బాగుండేది! జర్మనీలో హాంబర్గ్‌లో 2001లో తెరిచిన మినియేచర్ వుండర్‌లాండ్‌ను అందరూ మెచ్చుకుంటారు. అదీ హెచ్‌ఓ స్కేలే. వాళ్ళు దేశదేశాలతో పాటు తమ హాంబర్గ్ నగరాన్నీ అందులో కట్టుకున్నారు. వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది ఆ పని.

మీకు ఒక విన్నపం. రెక్క సిగ్నళ్ళు, ఆవిరి ఇంజన్లకు నీళ్ళు పట్టిన స్తంభాలు, గ్యాంగు గుడిసెలు, పాత గేటు గదులు, సీఎస్‌టీ-9 పోత ఇనుప స్లీపర్లు ఒక్కొక్కటే పోతున్నాయి. గుంటూరు-గుంతకల్ మీటర్ గేజి రోజుల సామాను ఎవరి పెరట్లోనో ఉండే ఉంటుంది. వారానికి ఒక పాత ఫొటో వేసి, ఏ స్టేషను, ఏ ఏడు అని పాఠకులను రాయమనండి. ఇళ్ళల్లో ఆల్బముల్లో ఉన్నవి బయటికి వస్తాయి. పెళ్ళివారిని ప్లాట్‌ఫారం మీద నిలబెట్టి తీసిన ఫొటోలో వెనక ఉన్న బెంచీ, నీళ్ళ కుళాయి, కిటికీ చువ్వలే మాలాంటివాళ్ళకు ఆధారం.

కొత్తగా తీసి పంపేవాళ్ళను వస్తువు పక్కన కొలతకు ఒక అడుగు స్కేలో, గొడుగో పెట్టి తీయమనండి. కొలత తెలియని ఫొటోతో మోడల్ కట్టడం కష్టం. ప్లాట్‌ఫారం మీంచి, గేటు బయటి నుంచి తీస్తే చాలు. ఫొటో కోసం ఎవరూ పట్టాల మీదికి దిగొద్దని ఆ ప్రకటనలోనే పెద్ద అక్షరాలతో వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టర్,
రాజమహేంద్రవరం