గోగోల్ సరే, ఆషిమా సంగతి?

చిన్నీ,

ఆశీస్సులు. అమెరికాలో స్థిరపడిన బెంగాలీల కథలు రాసే ఝుంపా లాహిరి నవల ‘ది నేమ్‌సేక్’ పూర్తి చేశానని, గోగోల్ తండ్రి పోయిన చోట ఏడుపు ఆగలేదని మొన్న చెప్పావు. ఫోనులో పుస్తకాల గురించి మాట్లాడటం నా వల్ల కాదు. అక్కడ బాబు పిలుస్తాడు, ఇక్కడ కుక్కర్ కూస్తుంది. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు ఆ నవలంతా, రష్యన్ రచయిత పేరు మోయలేక అవస్థపడే ఆ బెంగాలీ కుర్రాడు గోగోల్ పక్షాన చదివావు. రేపు బాబు కూడా తన పేరు చెప్పుకోవడానికి ఇబ్బంది పడతాడేమోనని నీ దిగులు. రచయిత్రికీ ఆ బాధ సొంతమే. ఆమె అసలు పేరు నీలాంజన సుదేష్ణ. ఇంట్లో పిలిచే ఝుంపా అయితే పలకడం సులువని బడిలో టీచరు దాన్నే ఖాయం చేసింది. ఈ విషయంలో మనమూ తక్కువ తినలేదులే. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో రాసి రెండోది ఖాళీగా వదిలేసిన మనవాళ్ళకు వీసా మీద ‘ఎఫ్.ఎన్.యు.’ అని అచ్చయి వస్తుంది. అంటే పేరు తెలియదని. బారసాల నాడు పళ్ళెంలో బియ్యం పోసి మరీ రాసిన పేరు, తెలియదట!

నేను మాత్రం అందులో గోగోల్ తల్లి ఆషిమా కథ చదువుకున్నాను. 1968లో, కేంబ్రిడ్జిలో, నెలలు నిండిన పిల్ల వంటింట్లో నిలబడి రైస్ క్రిస్పీస్‌లో వేరుశనగలు, ఉల్లిముక్కలు కలుపుకుంటుంది. కలకత్తా వీధుల్లో అమ్మే మరమరాల రుచి కోసం. మన గోదావరి గట్టు మీద ముంతమసాలా అనుకో. ఆవనూనె ఒక్కటి ఉంటే బాగుండునని తపిస్తుంది. బెంగాలీలూ మనలాగే పురిటికి పుట్టింటికి వెళతారు. ఈ పిల్లకు ఆసుపత్రి మంచం, చేతి గడియారం తప్ప దిక్కు లేదు. నీకు డాలస్‌లో గోంగూర నుంచి గోరుచిక్కుడు దాకా దొరుకుతాయి. అందుకని ఆ పేజీ నువ్వు గబగబా తిప్పేసి ఉంటావు.

ఇప్పుడు లాహిరి మొదటి పుస్తకం, కథల సంపుటి ‘ఇంటర్‌ప్రెటర్ ఆఫ్ మాలడీస్’ తెప్పించుకో. 1999లో వచ్చింది, మరుసటి ఏడే పులిట్జర్ బహుమతి తెచ్చుకుంది. అందులో ‘మిసెస్ సేన్స్’ అనే కథ నాకు ప్రాణం. మిసెస్ సేన్ భర్త అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో లెక్కలు చెబుతాడు. ఆమె, బడి నుంచి వచ్చిన ఇలియట్ అనే పదకొండేళ్ళ పిల్లవాణ్ణి చూసుకుంటూ, నేల మీద పేపర్లు పరుచుకుని కూరలు తరుగుతుంది, ఇండియా నుంచి మోసుకెళ్ళిన కత్తిపీట మీద. అచ్చం మన కత్తిపీటే. ఊళ్ళో పెళ్ళంటే ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా ఎవరి కత్తిపీట వాళ్ళు తెచ్చుకుని, డాబా మీద గుండ్రంగా కూర్చుని, కబుర్లాడుకుంటూ తెల్లవార్లూ యాభై కిలోల కూరలు తరిగేవారట. అప్పుడు ఆ సందడికి నిద్ర పట్టేది కాదు, ఇప్పుడు నిశ్శబ్దానికి పట్టడం లేదు. ‘నేను గొంతు చించుకుని అరిస్తే ఎవరైనా వస్తారా?’ అన్నట్టుగా ఆ పిల్లవాణ్ణే అడుగుతుంది. ఫోను చేస్తారేమో, గోల ఎక్కువైందని ఫిర్యాదు చేయడానికి కూడా కావచ్చు అంటాడు వాడు.

నేను మీ దగ్గరికి వచ్చినప్పుడు, మీరంతా పనులకు వెళ్ళిపోయాక మధ్యాహ్నం మీ వీధి చూసినప్పుడల్లా నాకు మిసెస్ సేన్ గుర్తొచ్చేది. కారు నడపడం ఆమెకూ రాదు.

లాహిరితో నాకు పేచీ లేదనుకోకు. ఆమె మనుషుల్లో ఎక్కువమంది హార్వర్డు, ఎంఐటీ చుట్టూ తిరిగే చదువుల వాళ్ళే. పెట్రోలు బంకులో రాత్రి డ్యూటీ చేసే కుర్రాడు ఎక్కడున్నాడని అడగాలనిపిస్తుంది. కొంత తప్పు చరిత్రది. అమెరికా 1965 వలస చట్టం దేశాలవారీ కోటాలు ఎత్తేసి, చదువుకున్న వాళ్ళకు తలుపు తెరిచింది. ఆ తలుపులోంచి వెళ్ళిన వాళ్ళ మధ్యే ఆమె పెరిగింది. తండ్రి రోడ్ ఐలండ్ విశ్వవిద్యాలయంలో లైబ్రేరియన్. మీరు హెచ్1బీ మీద, గ్రీన్‌కార్డు వరుసలో బిక్కుబిక్కుమంటూ గడిపిన ఏళ్ళు మాత్రం ఆమె కథల్లో నాకు తగల్లేదు. అది మీరే ఎవరో రాయాలి. ఆమె 2012లో రోమ్ వెళ్ళి, ఇటాలియన్‌లో రాయడం మొదలుపెట్టింది. అలా రాసి, తనే ఇంగ్లీషు చేసిన ‘వేర్‌అబౌట్స్’ నవలలో ఊరికీ పేరు లేదు, మనిషికీ పేరు లేదు. గోగోల్ గొడవకు అదొక పరిష్కారం కాబోలు! నాకైతే చప్పగా ఉంది.

అసలు సంగతికి వస్తాను. నీకు పౌరసత్వం వచ్చింది కనుక నా గ్రీన్‌కార్డుకు దరఖాస్తు పెడతానంటున్నావు. పెట్టే ముందు లాహిరి కథల పుస్తకం ‘అన్‌అకస్టమ్డ్ ఎర్త్’ (2008)లో మొదటి కథ చదువు. తల్లి పోయింది. రిటైరైన తండ్రి సియాటిల్‌లో ఉన్న కూతురు రూమా దగ్గరికి వారం రోజులకు వస్తాడు. ఆయన్ను తన దగ్గరే పెట్టుకోవాలేమో, ఆ భారం మోయగలనా అని ఆమె ముందు భయపడుతుంది. ఆయన పెరట్లో తోట వేస్తాడు. మనవడికీ ఓ చిన్న మడి కేటాయిస్తాడు. వాడు అందులో రబ్బరు బంతి, లెగో ముక్కలు నాటుతాడు! అది చూసి రూమా మనసు మారుతుంది, ఉండిపొమ్మంటుంది. ఆయన ఉండడు. కూతురి మీద ప్రేమ లేక కాదు. మళ్ళీ ఒక సంసారం మధ్య, దాని హడావుడిలో, అలకల్లో ఇమడటం ఆయనకు ఇష్టం లేదు. ఆయనకంటూ ప్రయాణాలున్నాయి, ఒక స్నేహం ఉంది. కూతురికి చెప్పడు. ఆయన వెళ్ళిపోయాక, మనవడు మట్టిలో నాటిన పోస్టుకార్డు రూమాకు దొరుకుతుంది. ఒక స్త్రీకి ఆయన బెంగాలీలో రాసింది. రూమాకు ఆ లిపి సరిగా రాదు, అయినా సంగతి అర్థమవుతుంది. స్టాంపు అంటించి పంపిస్తుంది. ఆ పని చేసిన కూతురంటే నాకు గౌరవం.

ఆ పుస్తకానికి పేరు పాతకాలపు అమెరికన్ రచయిత హాథోర్న్ వాక్యంలోంచి వచ్చింది. తన పిల్లలు కొత్త నేలలో వేళ్ళూనాలని కోరుకున్నాడాయన. పిల్లల సంగతే చెప్పాడు, గమనించు. నాన్నగారు పోయాక నా దినచర్య నాకు కుదిరింది. పొద్దున గట్టు మీద నడక, సాయంత్రం గౌతమీ గ్రంథాలయం, మధ్యలో పక్కింటి వాళ్ళతో పోట్లాట. నాకు పోస్టుకార్డు రహస్యాలేమీ లేవు, అల్లుడుగారికి చెప్పు, కంగారు పడతారు!

కాబట్టి ఆ దరఖాస్తు పెట్టవద్దు. విజిటర్ వీసా ఉంది, బాబుకు సెలవులిచ్చే వేళకు వస్తాను. వాడికి తెలుగు అక్షరాలు నేర్పే పూచీ నాది, వంటకు మాత్రం వంతులు వేసుకుందాం. టికెట్ కొనేటప్పుడు తిరుగు ప్రయాణానికి కూడా కలిపే కొను, విడిగా కొంటే ధర ఎక్కువ.

అమ్మ
రాజమహేంద్రవరం